నకలు కవరులో అసలు వరహా

రిటైరయ్యాక చేతులు ఊరుకోవు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని, మార్చిలో బడి వదిలాక ఏం చెయ్యాలో తోచక, బీరువాలోని నాణేల పెట్టెలు దించి ఒక్కోదానికి కొత్త చీటీ రాయడం మొదలుపెట్టాను. దమ్మిడీలు, కానులు, డచ్చివాళ్ళ రాగి నాణేలు, నిజాం వెండి, ఇలా రోజుకి పది చొప్పున పని సాగిపోయింది. ఒక మధ్యాహ్నం గోధుమరంగు చిన్న కవరు చేతికొచ్చింది. దాని మీద మా నాన్న గుండ్రటి చేతిరాతలో ‘నకలు’ అని ఉంది. లోపల ఉన్నది మాత్రం అసలు బంగారు వరహా.

ఆ సంగతి ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసని నలభై ఏళ్ళకి పైగా అనుకుంటూ వచ్చాను. దానికి చీటీ రాయడానికి చెయ్యి రాలేదు. వారం రోజులు ఆ కవరు టేబుల్ మీదే పడి ఉంది. అన్నం తింటుంటే కనపడుతుంది, టీవీ చూస్తుంటే కనపడుతుంది. ఇక లాభం లేదని, కార్తీక పున్నమి వెళ్ళిన వారంలో ఆ కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని కర్నూల్లో బస్సెక్కాను. ఎవరికి ఇవ్వాల్సిన వరహా వాళ్ళకి ఇచ్చేసి రావాలి. నా ప్రయాణం అందుకే.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం ముందే రెండు ముక్కలు చెప్తాను. నాణేలు మార్చుకునేవాళ్ళం నాణేన్ని చేతిలోంచి చేతిలోకి ఇవ్వం. జారి పడితే తప్పు ఎవరిదని తగువొస్తుంది. మెత్తటి బట్ట పరిచి దాని మీద పెడతాం, అవతలివాళ్ళు ఎత్తుకుంటారు. బేరం ఇద్దరిది, మూడో చెయ్యి తగలకూడదు. బట్ట మీది నుంచి ఎత్తాక ఇక మాట లేదు. ఇంకోటి, నాణేన్ని తోమకూడదు, చిల్లి పొడవకూడదు, కొక్కెం వెయ్యకూడదు. చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చినవాణ్ణి మా నాన్న గుమ్మంలోంచే పంపించేసేవారు.

బందరు

బోర్డుల మీద మచిలీపట్నం, మా నోట్లో మాత్రం బందరు. నేను పుట్టి పెరిగిన ఊరు. పెళ్ళయి కర్నూలు వెళ్ళాక నాన్న ఉన్నన్నాళ్ళూ వచ్చిపోయేదాన్ని, ఆ తర్వాత మానేశాను. బెజవాడ దాటిన దగ్గర్నుంచి కాలవ బస్సుతో పాటే నడిచొస్తుంది. కాలవ పక్కన వరి, కోతకొచ్చి వంగిపోయి ఉంది. మా కర్నూల్లో చుట్టాలొస్తే ముందు మంచినీళ్ళ బిందె సంగతి చూసుకుంటాం. ఇక్కడ ఒకావిడ కాలవ గట్టున కూర్చుని, నీళ్ళంటే లెక్కే లేనట్టు చెంబు తర్వాత చెంబు గేదె మీద పోస్తోంది. నాకు ఒళ్ళు మండింది. వెంటనే, చిన్నప్పుడు నేనూ అంతేగా అని నవ్వొచ్చింది.

బస్టాండు దగ్గర దుకాణంలో పావుకిలో తొక్కుడు లడ్డు కొన్నాను. ఆటో అబ్బాయి చిలకలపూడికి నూట యాభై అన్నాడు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను నాయనా, నాకు చెప్తావా అన్నాను. అయితే దారి తెలిసే ఉంటుంది, చల్లపూట చక్కగా నడిచెళ్ళండి అన్నాడు. నోరు మూసుకుని ఎక్కాను.

చిలకలపూడిలో అడుగుపెడితే చాలు, సందుల్లోంచి ఆమ్లం వాసన, సన్నటి సుత్తి చప్పుడు. రోల్డ్‌గోల్డ్ నగలకి పెట్టింది పేరు ఆ చోటు. రాగి నగ మీద బంగారు పూత వేసి చేతిలో పెడితే కట్టుకున్న మొగుడు కూడా పోల్చుకోలేడని సామెతలా చెప్పుకునేవాళ్ళు. అక్కడ కామేశ్వరరావు గారి కార్ఖానా వరండాలో నా చిన్నతనమంతా ప్రతి ఆదివారం నాణేల సభ జరిగేది. కోర్టు గుమాస్తా అయిన మా నాన్న నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. ప్లీడర్లు, బడిపంతుళ్ళు, బట్టల కొట్టాయన, అందరూ చాప మీద బోర్లా పడుకుని భూతద్దాలు పట్టుకుని ఉండేవాళ్ళు. ఆడపిల్లని నేనొక్కదాన్నే. భానూ, కళ్ళు మంచివి నీవి, ఈ అక్షరం చదివిపెట్టమ్మా అని అందరూ నన్నే పిలిచేవాళ్ళు. అప్పుడు పడ్డంత సంతోషం నేను ఆ తర్వాత ఏ సన్మానంలోనూ పడలేదు.

ఆ వరండాకి ఒక ఆనవాయితీ ఉండేది. మా నాయనమ్మ ఇచ్చిన వరహా ఒకటి నాన్న దగ్గరుండేది. వేలిగోరంత ఉంటుంది, ఒక వైపు దేవుడి బొమ్మ, రెండో వైపు గరుకు మీద చుక్క. కామేశ్వరరావు గారు దానికి అచ్చు తీసి, రాగితో అచ్చం అలాంటిదే పోసి, పూత వేశారు. కొత్తగా చేరినవాళ్ళ ముందు బట్ట మీద ఆ నకలు పెట్టేవాళ్ళు. నకలని కనిపెట్టినవాడికి టీ, కనిపెట్టలేనివాడు అందరికీ టీ ఇప్పించాలి. నాన్న రెండింటినీ రెండు కవర్లలో పెట్టి, ఒకదాని మీద ‘అసలు’, రెండోదాని మీద ‘నకలు’ అని రాసుకున్నారు. ఒక శనివారం నేను రెండూ తీసి ముచ్చటగా చూసుకుని, తిరిగి పెట్టేటప్పుడు కవర్లు తారుమారు చేశాను. అంతా అక్కడే మొదలైంది.

మర్నాడు వీరాస్వామి వచ్చాడు. దివిసీమలో సముద్రం ఒడ్డు మనిషి, వేటకెళ్ళే కుటుంబం. గాలివానలు వెలిశాక ఇసకలో దొరికే బిళ్ళలు పోగుచేసి రెండు బస్సులు మారి మా సభకి తెచ్చేవాడు. ఆ రోజు మూట విప్పితే అందులో నల్లటి సీసపు నాణెం ఉంది. దాని మీద రెండు స్తంభాల ఓడ, అలల గీతలతో సహా. వాళ్ళ పెద్దవాళ్ళు అలాంటివి కరిగించి వలకి గుళ్ళు కట్టుకునేవాళ్ళట. శాతవాహనుల కాలం ఓడ నాణెం, వలకి గుండు! నాన్నకి చెమటలు పట్టాయి. బదులుగా పది రాగి నాణేలు పెట్టారు, వీరాస్వామి తల అడ్డంగా ఊపాడు. వచ్చే నెల తన పెళ్ళి, పెళ్ళికూతురి మెడలోకి ఏదన్నా బంగారం కావాలన్నాడు. నాన్న ఒక్క నిమిషం ఆలోచించి, భానూ, ఆ వరహా తియ్యి అన్నారు. నేను ‘అసలు’ అని రాసి ఉన్న కవరులోంచి తీసి బట్ట మీద పెట్టాను. వీరాస్వామి ఎత్తుకున్నాడు. మూడో చెయ్యి తగలకూడదు కాబట్టి నాన్న దాన్ని ముట్టుకోలేదు.

సీసానికి బంగారం ఇచ్చొచ్చారని మా అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. అసలుది వెళ్ళాక వరండాలో ఆ టీ పందెం కూడా ఆగిపోయింది. నెల తర్వాత ఎందుకో ‘నకలు’ కవరు తీసి అరచేతిలో వేసుకుంటే చెయ్యి కిందికి దిగింది. అంత చిన్న బిళ్ళకి అంత బరువు రాగికి రాదు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. మొదట్లో నాన్నకి భయపడి చెప్పలేదు. తర్వాత ఎత్తాక మాట లేదుగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ తర్వాత సిగ్గేసి చెప్పలేదు. నాన్న పోయేదాకా, సీసం కోసం బంగారం ఇచ్చిన మొనగాణ్ణి నేను అని మురిసిపోతూనే ఉన్నారు.

కామేశ్వరరావు గారికి ఇప్పుడు ఎనభై ఆరు. కార్ఖానా మనవలు చూసుకుంటున్నారు. వరండాలో అదే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను లడ్డు పొట్లం పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టి, తలొంచుకుని అంతా చెప్పాను. వీరాస్వామి ఊరి పేరు గుర్తుందా బాబాయిగారూ, ఆయనకి ఇచ్చేసి వస్తాను అన్నాను. ఆయన లడ్డు ముక్క నోట్లో వేసుకుని తాపీగా నమిలారు.

“నీకు బస్సెక్కడానికి నలభై ఏళ్ళు పట్టిందా అమ్మాయ్?”

ఆయనకి తెలుసు! వీరాస్వామి పెళ్ళాం నాంచారమ్మ, పెళ్ళయిన రెండో ఏడే, అంచున పూత లేచి ఎర్రగా బయటపడ్డ వరహాని కొంగున కట్టుకుని ఆయన దగ్గరికే వచ్చిందట. తను పోసిన అచ్చుని తను పోల్చుకోరా? ఎక్కడిదని అడిగితే, బందరులో గుమాస్తా గారమ్మాయి దగ్గర మా ఆయన మార్చుకొచ్చాడని చెప్పిందట. అప్పటి నుంచి ఏటా కార్తీక పున్నమికి పాండురంగడి గుడికని, మంగినపూడిలో సముద్రస్నానానికని వస్తుంది. వచ్చినప్పుడల్లా మొగుడికి తెలియకుండా పూత వేయించుకుని వెళ్తుంది. ఈయన డబ్బు పుచ్చుకోరు. మొన్న పున్నానికీ వచ్చి వెళ్ళింది.

మరి నాకెందుకు కబురు చెయ్యలేదండీ అని అడిగాను. ఎవరి నోటితో వాళ్ళే చెప్పుకోవాలమ్మా అన్నారు. ఒకటి మాత్రం చెప్పారు. ఆవిడ వేసుకున్నదానికి కొక్కెం ఉంది, నీదానికి లేదు, అది ఆలోచించుకో అన్నారు. కొక్కెమా? రెండు వందల ఏళ్ళ వరహాకా? చెయ్యన్నా నరుక్కుంటాను గానీ ఆ పని చెయ్యనన్నాను. ఆయన ఇంకో లడ్డు తీసుకున్నారు.

గుడివాడ

ఆదివారం గుడివాడలో సభ. ఇప్పుడు సభలన్నీ ఫోనులో గ్రూపుల్లో పిలుచుకునేవే. టిఫిన్ హోటలు మేడ మీద హాల్లో ఇరవై మంది దాకా చేరారు. కింద పెసరట్టు ఉప్మా తిని ఎక్కాను. అల్లం పచ్చడి అంటే అదీ, కళ్ళలో నీళ్ళు తిరగాలి. మా కర్నూల్లో కారం నాలిక మీద నిలబడి తిడుతుంది, ఇక్కడి కారం మర్యాదగా గొంతులోకి వెళ్ళాక తిడుతుంది. ఆ ఘాటుకి తుమ్మొచ్చి, చేతిలో భూతద్దం జారి సాంబారు బకెట్లో పడింది. సర్వర్ గరిటెతో తీసి, కడిగి, తుడిచి, మునక్కాడ ఇచ్చినట్టు ప్లేట్లో పెట్టి ఇచ్చాడు. రోజంతా ఏ నాణెం చూసినా ఇంగువ వాసనే.

సభ మారిపోయింది. చాపల బదులు టేబుళ్ళు, బోర్లా పడుకునేవాళ్ళు ఎవరూ లేరు. బట్ట మాత్రం ఉంది. నల్ల వెల్వెట్ ముక్క, అదే పద్ధతి. అది చూసి నాకు నాన్న గుర్తొచ్చారు. నేను తీసుకెళ్ళిన కానుల్లో జతలున్నవి ఇచ్చి, డచ్చివాళ్ళ రాగి నాణెం ఒకటి, మూడక్షరాలు అల్లుకున్న గుర్తు చెక్కుచెదరనిది తీసుకున్నాను. మంచి బేరం. కుర్రకారు నన్ను మేడం మేడం అంటూ మోశారు కూడా.

మందుల షాపు ప్రసాద్ గారని, అక్కడి గ్రూపుకి పెద్ద. ఆయనకి వరహాల పిచ్చి. ఎవరో ఇల్లాలు అమ్మకానికి పంపిన వరహా ఒకటి బట్ట మీద పెట్టి అందరికీ చూపించారు. పైన బుల్లి కొక్కెం అతికి ఉంది. చూశారా, కంసాలి నిప్పు తగిలింది, ఇది కరిగించుకోడానికి తప్ప మనకి పనికిరాదు అని పక్కకి తోసేశారు. అందరూ అయ్యో అన్నారు, నేనూ అన్నాను. తర్వాత ఊరుకోలేక నా కవరు తీశాను. నోట్లో నువ్వుగింజ నానదంటారే, నా బ్యాగులో వరహా నానలేదు. ప్రసాద్ గారు దాన్ని ఎత్తలేదు, మర్యాద తెలిసిన మనిషి. వంగి చూసి నిట్టూర్చి, తన డబ్బాలోంచి సీసపు నాణేలు తీసి ఒక్కొక్కటే నా ముందు పేర్చారు. ఏనుగుది, గుర్రంది, కొండ గుర్తుది, చివరికి ఇంకో ఓడ.

“ఇవన్నీ తీసుకోండి మేడం. అదొక్కటీ ఇవ్వండి.”

నిజం చెప్పాలంటే నాకు చెయ్యి లాగింది. నా ఓడ పక్కన ఇంకో ఓడ! నలభై ఏళ్ళ కిందటి పొరపాటు, వీరాస్వామికి తెలియనే తెలియదు, నాంచారమ్మ పూత వేయించుకుని సుఖంగానే ఉంది కదా అని మనసు ఎన్ని మాటలు చెప్పిందో. ఇది నాది కాదండీ, ఒకరికి అందజెయ్యాల్సింది అనేసి కవరు బ్యాగులో పడేసి జిప్పు లాగాను. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. మంచిపని చేసినందుకు కాదు, ఆ రెండో ఓడ కోసం.

కోడూరు అవతల

సోమవారం దివిసీమకి. చల్లపల్లి దాటాక చేలో మనుషులు కనపడటం తగ్గి కోత మిషన్లు కనపడ్డాయి. పులిగడ్డ దగ్గర నది మీదుగా కాలవ వెళ్తుంది. నది మీద కాలవ! మా బడిలో పిల్లలకి చెబితే టీచర్ కోతలు కోస్తోందని నవ్వేవాళ్ళు. ఫోటో తీశాను, ఈసారి సాక్ష్యం ఉంది. అవనిగడ్డలో దిగి, ఆటోలో కోడూరు దాటి ఇంకా అవతలికి వెళ్తే రొయ్యల చెరువులు, ఆ తర్వాత సరుగుడు చెట్లు, ఆ తర్వాత పల్లెపాలెం. కామేశ్వరరావు గారు చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే సిమెంటు డాబా, ముందు వల ఆరేసి ఉంది. దాని పక్కన ముక్కాలి పీట మీద వీరాస్వామి వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టంతా తెల్లబడింది, భుజాలు మాత్రం అవే.

నన్ను పోల్చుకోడానికి కాస్సేపు పట్టింది. భానమ్మ గారా, సైకిలు ముందు కూర్చుని వచ్చేవారు, ఆ భానమ్మ గారేనా అని లేచి నిలబడ్డాడు. నాంచారమ్మా ఎవరొచ్చారో చూడవే అని కేకేశాడు. ఆవిడ బయటికొచ్చింది. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని ఉంది. నా చూపు నల్లపూసల గొలుసు మీద పడింది. మధ్యలో వరహా, ఎండకి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. నేనెవరో వినగానే ఆవిడ చెయ్యి దాని మీదకి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా బ్యాగు మీదకి వెళ్ళింది.

నేను చేప తినను. సముద్రం ఒడ్డున చేప తినని చుట్టం రావడం వాళ్ళకి పెద్ద ఇబ్బందే, కానీ అది కార్తీక సోమవారం. నాంచారమ్మ పొద్దున్నించీ ఉపవాసం, పొయ్యి మీదకి నీచు ఎక్కలేదు. మీరు రోజు చూసుకుని వచ్చారండీ, నాకు ఇవాళ జైలు అని వీరాస్వామి గొణిగాడు. దోసకాయ పప్పు, వంకాయ పచ్చడి, గడ్డపెరుగు పెట్టింది. ఇక్కడి అన్నం ఎంత మెత్తనిదో, జొన్నరొట్టె నమిలిన దవడలకి సెలవిచ్చినట్టుంది.

తింటుంటే వీరాస్వామి కబుర్లు. ఓడ నాణెం ఇంకా ఉందా అని అడిగాడు, ఉందన్నాను. మంచిదండీ, కరిగించకుండా మీకిచ్చాను అన్నాడు. తర్వాత పెళ్ళాన్ని ఎగతాళి చేశాడు. గడప దాటితే సముద్రం, ఈవిడ మాత్రం ఏటా బస్సెక్కి మంగినపూడి వెళ్ళి అదే సముద్రంలో మునిగి వస్తుందండీ, ఆ నీళ్ళకి ఉప్పెక్కువేమో అన్నాడు. నాంచారమ్మ మజ్జిగ వడ్డిస్తూ తలెత్తలేదు.

“ఆ వరహా చూడండి, నలభై ఏళ్ళు దాటింది. ఉప్పుగాలి ఇనుముని తినేసుద్ది, ఇత్తడి నల్లబడుద్ది. అది ఇంకా పెళ్ళినాటిలాగే ఉంది. మీ నాన్నగారు ఇచ్చిన బంగారం అలాంటిది. వేటకెళ్ళేటప్పుడు దాన్ని కళ్ళకద్దుకునే పడవెక్కేవోణ్ణి.”

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఏడాది గాలివానకి పడవ ఇంజను, వలలు పోయాయట. ఈ వరహా తాకట్టు పెట్టి ఇంజను తెస్తానంటే నాంచారమ్మ ససేమిరా అన్నదట. అన్నం మానేసిందట, నూతిలో దూకుతానందట. రెండు సీజన్లు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికెళ్ళి కూడబెట్టి ఇంజను కొనిచ్చిందట. ఐసునీళ్ళలో నాని వేళ్ళు పుళ్ళు పడిపోయాయి, బంగారం మెళ్ళో పెట్టుకుని రొయ్యల తలలు తీసిన పిచ్చిది ఇదొక్కతేనండీ అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత గర్వమో.

ఎందుకు తాకట్టు పెట్టనివ్వలేదో నాకు తెలుసు. గీటురాయి మీద ఒక్క గీత గీస్తే అంతా బయటపడుతుంది. నేను నోరు విప్పి ఉంటే ఆ పుళ్ళు పడేవి కావు. బడిలో ముప్పై ఆరేళ్ళు నిజమే చెప్పాలిరా అని పిల్లల చెవులు మెలేసినదాన్ని నేను. ఇప్పుడే చెప్పేద్దామని, వీరాస్వామి గారూ అన్నాను. నాంచారమ్మ నా విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుందురుగాని రండి అని నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది.

చెంబుతో నీళ్ళు పోస్తూనే అడిగింది. అసలుది తెచ్చారా అని. తెచ్చానన్నాను. ఏడ్చేశాను. నేను ఏడుస్తున్నంతసేపూ ఆవిడ నీళ్ళు పోస్తూనే ఉంది. ఆయనకి చెప్పి క్షమించమని అడగాలమ్మా, అందుకే వచ్చాను అన్నాను.

“చెప్పి మీరు తేలికైపోతారు భానమ్మ గారూ. మోసేది మళ్ళీ మేమే. దాన్ని నమ్ముకుని ఆయన సముద్రం మీదకెళ్ళాడు, నేను ఇంట్లో నిద్రపోయాను. ఇప్పుడది రాగని చెప్తే, ఆ రోజులన్నీ రాగైపోతాయి.”

అన్నేళ్ళూ నేను మోస్తున్నాననుకున్నది, నిజానికి మోసింది ఈవిడ. ఇద్దరం నూతి పళ్ళెం మీద కూర్చున్నాం. తర్వాత ఆవిడే, తన వరహా కొక్కేన్ని వేలితో తిప్పుతూ, మీరు తెచ్చినదానికీ ఇది ఉండాలి, లేకపోతే ఆయన కనిపెట్టేస్తాడు అంది. బందరులో ఏమన్నానో గుర్తుందిగా మీకు? చెయ్యి నరుక్కుంటానన్నాను. ఆవిడ చేతులకేసి చూశాను. వేళ్ళ చివర్లు ఇప్పటికీ గరుగ్గా, తెల్లటి మచ్చలతో ఉన్నాయి. రేపు అవనిగడ్డ వెళ్దాం వదినా అన్నాను. వదినా అని ఎందుకొచ్చిందో, వచ్చేసింది.

అవనిగడ్డ బజారు

మంగళవారం పొద్దున్నే, భానమ్మ గారికి బజారు చూపించి తీసుకొస్తానని మొగుడికి చెప్పి నాంచారమ్మ నాతో బయల్దేరింది. అదేమీ అబద్ధం కాదు, బజారంతా చూపించింది. ఎండు రొయ్యలు, కొత్త బియ్యం, ప్లాస్టిక్ బిందెలు, అన్నీ అయ్యాక సందు చివర కంసాలి కొట్టు. ముసలాయన వరహా తీసుకుని, రాయి మీద గీసి, నాకేసి చూశాడు. పాతకాలపుదమ్మా, దీని మీద నిప్పు పెడితే మీలాంటోళ్ళ దగ్గర దీనికి విలువుండదు అన్నాడు. తెలుసు, వెయ్యండి అన్నాను.

బొగ్గుల మీద పెట్టి, గొట్టంతో మంట ఊదాడు. నేను కళ్ళు మూసుకున్నాను. సుయ్‌మన్న చప్పుడు. కళ్ళు తెరిచేసరికి దేవుడి తల మీద బుల్లి కొక్కెం కూర్చుని ఉంది. నేనే గనక ఎవరి దగ్గరన్నా చూస్తే, పాపిష్టివాళ్ళు, పాడుచేశారని తిట్టేదాన్ని. చిత్రంగా, ఆ క్షణాన నాకు బాధ కలగలేదు. ప్రసాద్ గారు చూస్తే స్పృహ తప్పుతారని మాత్రం అనిపించింది.

కొట్టు పక్కన అరుగు మీద కూర్చున్నాం. నాంచారమ్మ మెళ్ళో గొలుసు తీసి, పాతది ఊడదీసింది. నేను కొత్తదాన్ని చేతికివ్వబోయాను. ఆగమంది. ఆ రోజు బట్ట మీద పెట్టారంటగా, ఈ రోజూ పెట్టండి అంది. తన కొంగు విప్పి అరుగు మీద పరిచింది. నేను అసలుది పెట్టాను, ఆవిడ నకలు పెట్టింది. ఆవిడ అసలుది ఎత్తింది, నేను నకలు ఎత్తాను. ఎత్తాక మాట లేదు అంది నాంచారమ్మ. లేదన్నాను.

మధ్యాహ్నానికి పాలెం చేరాం. నా బ్యాగు తీసుకుని బయల్దేరబోతుంటే వీరాస్వామి ఒడ్డు నుంచి వచ్చాడు. గుమ్మంలో ఆగి, పెళ్ళాం మెడకేసి చూశాడు. అదేంటే అలా వెలవెలబోయింది, మొన్న పున్నానికి ఎంత మెరిసింది అన్నాడు. నిజమే, కొత్త పూత ముందు రెండు వందల ఏళ్ళ బంగారం ఏం మెరుస్తుంది? పున్నం వెళ్ళిపోయిందిగా అంది నాంచారమ్మ. ఆయన దగ్గరికి వచ్చి, వేటకెళ్ళేటప్పుడు ఎత్తినట్టే, వరహాని రెండు వేళ్ళతో ఎత్తాడు. ఎత్తి, అలాగే ఆగిపోయాడు.

“ఏమే, ఇది బరువెక్కిందే.”

“బరువు దానిది కాదు. నువ్వు ముసలోడివయ్యావు.”

వీరాస్వామి పకపకా నవ్వి, అవునండీ భానమ్మ గారూ, నిజమే అన్నాడు. వరహాని కళ్ళకద్దుకుని వదిలేశాడు. నాంచారమ్మ నాకేసి చూడలేదు, చెంగుతో గొలుసు కప్పుకుని, కందిపప్పు మూట ఒకటి నా బ్యాగులో కుక్కింది. ఆటో దాకా వచ్చి, వచ్చే పున్నానికి మంగినపూడి రండి, ఇంక నాకు అక్కడ వేరే పనేం లేదు, స్నానమే అంది.

కర్నూలు వచ్చి పదిహేను రోజులైంది. రాగి నకలు, కొక్కెంతో సహా, నా టేబుల్ మీద ఉంది. వరహాల చరిత్రలో దీనికి చిల్లిగవ్వ విలువ లేదు, నా దగ్గరున్న మూడు వందల నాణేల్లో దీన్ని మాత్రం ఏ ఓడకీ మార్చను. నిన్న దానికి చీటీ రాద్దామని కూర్చున్నాను. రాయాల్సిన అవసరం లేకపోయింది. మా నాన్న గోధుమరంగు కవరులోనే పెట్టేశాను. దాని మీద ఆయన రాసిన మాట ఇప్పుడు సరిపోయింది.